ఒక్క బర్రె పాలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఎల్బీ నగర్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో చంటి రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు. చంటికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

డాక్టర్ బిందుమాధవి కాగితం చూసి పక్కన పెట్టింది. పిల్లవాడి కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగింది. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. అరచేతులు తిప్పి చూసింది. గోళ్లు చూసింది. ఛాతీ మీద స్టెతస్కోప్ ఆనించి చాలాసేపు వింది. తల్లి సుష్మిత పిల్లవాణ్ని ఒళ్లో పట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో అత్త అనంతమ్మ. సుష్మిత భర్త ప్రవీణ్ కింద రోడ్డు మీదే ఉన్నాడు. పాలబండి ఆపుకోవడానికి చోటు దొరకలేదు.

“మట్టి తింటాడా?” డాక్టర్ అడిగింది.

“గోడ సున్నం గోక్కొని తింటడు మేడం,” సుష్మిత అంది. “కొట్టినా మానడు.”

“కొట్టకండి. ఒంట్లో లేనిదాని కోసం వెతుక్కుంటున్నాడు. అన్నం తింటాడా?”

“రెండు బుక్కలు. గంతే. ఇగ నోరు తెరువడు.”

“మరి ఏం తాగుతాడు?”

ఈ ప్రశ్నకు అనంతమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

“పాలు. మా ఇంటి బర్రె పాలు. చుక్క నీళ్లు కలవనియ్య. పొద్దుగాల సీసా, పగటీలి సీసా, నడుమ ఏడ్చినప్పుడల్ల సీసా. దినాం లీటరున్నర తాగుతడు నా మనుమడు. గదిగూడ కలిపిన పాలు గాదు. పసిపిల్లలకు ఒక్క బర్రె పాలే పొయ్యాలె. నాలుగు బర్రెలయి కలిపితే కడుపు చెడుతది. వీనికని ఒక బర్రెనే పక్కకు పెట్టినం.”

బిందుమాధవి పెన్ను కింద పెట్టింది.

“అదేనమ్మా జబ్బు.”

“ఏంది?”

“పాలు. మీ వాడి జబ్బు పాలే.”

ఆ తర్వాత డాక్టర్ చెప్పినదంతా సుష్మిత వింది. పాలతో కడుపు నిండిపోతే పిల్లవాడు అన్నం అడగడు. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు. తిండిలో ఉన్న ఐరన్‌ను కూడా పాలు ఒంటికి పట్టనివ్వవు. రోజుకు రెండు చిన్న గ్లాసులు, అంతకు మించకూడదు, సీసా పూర్తిగా మానెయ్యాలి. గుడ్డు, మేక కార్జం, పప్పు, తోటకూర, పైన నిమ్మరసం. చుక్కల మందు పరగడుపున ఇవ్వాలి, పాలతో కలపకూడదు, చాయ్‌తో అసలే కలపకూడదు.

“రెండు వారాల తర్వాత మళ్లీ రక్తం చూస్తాను. ఎంతో కొంత పెరగాలి. పెరగకపోయినా, ఈలోపు ఆయాసం వచ్చినా చేర్పించుకుని రక్తం ఎక్కించాల్సిందే. గుండె ఇప్పటికే మోయలేక మోస్తోంది. అర్థమైందా అమ్మా?”

“అయింది మేడం,” సుష్మిత అంది.

అనంతమ్మ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. మెట్లు దిగుతుంటే ఆ మాట బయటికి వచ్చింది.

“మన పాలకు వంక పెట్టింది.”

“వంక గాదు అత్తమ్మా. ఎక్కువైనయంటున్నది.”

“నాకు చెవులున్నయి. నీకు పాలు పడకపోతేనే గదా వీడు బర్రె పాలకు ఎగవడ్డది? నీ ఒంట్ల రక్తముంటే గదా వానికొచ్చేది? గా మాట అనలే డాక్టరమ్మ. మా పాల మీద వడ్డది.”

కింద ప్రవీణ్ బండి ఇంజన్ ఆపకుండా మెట్రో పిల్లరు పక్కన నిలబెట్టాడు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతోంది. సుష్మిత ఎక్కి కూర్చుంది. చంటి సీసా కోసం ఏడ్చాడు. అనంతమ్మ సంచిలోంచి సీసా తీసి వాడి నోటికి పెట్టింది.

*

వాళ్ల ఊరు నాదర్‌గుల్ దాటాక వస్తుంది. ఇంటి వెనక కొట్టం, కొట్టంలో రెండు వరసల బర్రెలు. మామ అంజయ్య తొట్టిలో చెయ్యి పెట్టి దాణా కలుపుతున్నాడు. పైన శిక్షణ విమానం ఒకటి తిరుగుతోంది. బర్రెలు తలెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

“ఏమన్నది దవాఖాన్ల?”

“మన పాలే రోగమన్నది,” అనంతమ్మ చెప్పింది.

అంజయ్య చెయ్యి తొట్టిలో ఆగింది. “పాలు రోగమన్నదా, మన పాలు రోగమన్నదా?”

“మన పాలే. మొకమ్మీదనే అన్నది.”

“గట్లనలే మామా,” సుష్మిత అంది. “ఏ పాలైన గంతేనట. రెండు చిన్న గ్లాసులకు మించొద్దన్నది...”

“నిన్నడగలే నేను.”

ఆయన చేతులు కడుక్కుని లోపలికి పోయి, పాలల్లో నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటర్ తెచ్చాడు. పొద్దున పితికిన పాలు గాజు గొట్టంలో పోసి దాన్ని వదిలాడు. అది ఉండాల్సిన గీత దగ్గరే నిలిచింది. గొట్టాన్ని కళ్ల ఎత్తుకు లేపి భార్యకు చూపించాడు. బండి కడుగుతున్న కొడుకును పిలిచి చూపించాడు. కోడలు పక్కనే నిలబడి ఉంది. ఆమెకు చూపించలేదు.

“సైకిల్ మీద క్యాన్లు కట్టుకొని మన్సూరాబాద్ దాక తొక్కిన. గా కాలనీల పిల్లలందరు నా పాలు తాగి పెద్దగైన్రు. ఇంజనీర్లైన్రు. ఒక్కని కన్న రక్తం లేకపాయెనా? నా మనుమనికే లేకపాయెనా?”

ఆయనే నిర్ణయం చేశాడు. ఇన్నాళ్లూ పోస్తున్న బర్రె పాలు పిల్లవాడికి పట్టడం లేదు కాబట్టి బర్రెను మార్చాలి. రెండు నెలల కింద ఈనిన ముర్రా బర్రె పాలల్లో వెన్న ఎక్కువ. రేపటి నుంచి చంటికి ఆ పాలు. ఆ బర్రె పాలు క్యాన్లో పోయకూడదు.

సాయంత్రం సుష్మిత చుక్కల మందు పట్టింది. చంటి ఉమ్మేశాడు. అంగీ మీద నల్లటి మరక పడింది. రెండోసారి ముక్కు మూసి పట్టబోతే అనంతమ్మ వచ్చి ఆమె చేతిలోంచి మందు సీసా తీసుకుంది. పాలసీసా మూత విప్పి అందులో చుక్కలు పిండి మూత పెట్టి ఊపింది.

“పాలల్ల కలపొద్దన్నది అత్తమ్మా.”

“మందు కడుపులకు పోవాలె. ఎట్ల పోతేంది?”

“పాలల్ల పోస్తె పని చెయ్యదట. మందు దండుగనేనట.”

“అట, అట. రెండు నిమిషాలు కుర్చీల కూసోని వచ్చినవు, నాకు పిల్లల సాదుడు నేర్పుతున్నవా? నీ మొగణ్ని ఎవరు సాదిన్రు? ఏం తక్కువైంది ఆనికి?”

బండి దగ్గర ప్రవీణ్ గుడ్డ పిండుతున్నాడు. సుష్మిత అతని వైపు చూసింది. అతను ఆ గుడ్డనే మళ్లీ పిండాడు. చంటి సీసా ఖాళీ చేసి పడుకున్నాడు.

*

గురువారం అంజయ్య తెల్ల చొక్కా వేసుకుని బండెక్కాడు. పిల్లవాణ్నెత్తుకుని సుష్మితనూ ఎక్కమన్నాడు. ఒక చిన్న క్యానులో ముర్రా బర్రె పాలు పోయించాడు. లాక్టోమీటర్‌ను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు పాలు వెయ్యడం, తిరుగు దారిలో ఎల్బీ నగర్ ఆసుపత్రి.

గురువారం కావడంతో దిల్‌సుఖ్‌నగర్‌లో బాబా గుడి దారి నిండిపోయింది. ప్రవీణ్ వెనక గల్లీలోంచి సూర్యప్రభ హాస్టల్‌కు చేరాడు. హాస్టల్ యజమాని సూర్యప్రభది గుంటూరు వైపు. కోచింగ్‌కు వచ్చిన ఆడపిల్లలకు గదులిచ్చి మెస్ నడుపుతోంది. ప్రవీణ్ క్యాను దించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఉండవయ్యా ప్రవీణూ. రేపట్నుంచి ప్యాకెట్లు చెప్పేశాను. ఈ పూటకి పొయ్యి, అంతే.”

“ఏమైందమ్మా?” అంజయ్య బండి దిగాడు.

“మీ పాలు తాగే మీ మనవడికి ఒంట్లో రక్తం లేకుండా పోయిందట కదండీ. నా దగ్గర పరాయివాళ్ల పిల్లలున్నారు. రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే వాళ్ల అమ్మానాన్నలకి నేనేం చెప్పుకోను?”

“ఎవలు చెప్పిన్రు నీకు?”

“మీ అబ్బాయే కదండీ నిన్న చెప్పింది! మొన్న అంత ఆలస్యమైందేంటయ్యా అంటే కూర్చుని అంతా చెప్పాడు.”

అంజయ్య కొడుకు వైపు తిరిగాడు. ప్రవీణ్ కొలపాత్ర చేతిలో పట్టుకుని క్యాను లోపలికి చూస్తున్నాడు.

“నోరా అది, మోరీయా?” అంజయ్య అన్నాడు.

అక్కణ్నుంచి బండి ఎల్బీ నగర్ పోయింది. ఆసుపత్రిలో టోకెన్ తీసుకోమన్న అమ్మాయిని దాటుకుని అంజయ్య డాక్టర్ గదిలోకి నడిచాడు. లోపల ఇంకో తల్లి, ఇంకో బిడ్డ ఉన్నారు. ఆయన క్యాను బల్ల మీద పెట్టాడు. తువ్వాల విప్పాడు.

“చూడమ్మా. నీ కండ్ల ముందే చూపెడ్త. ఏం కలిసిందో చెప్పు.”

“ఏంటండీ ఇది?” బిందుమాధవి అంది.

“పాలు. నా మనుమడు తాగే పాలు. రోగమన్నవట గదా.”

“పాలల్లో ఏదో కలిసిందని నేననలేదే. పాలల్లో ఐరన్ ఉండదన్నాను. ఐరన్ అంటే ఇనుము...”

“ఇనుమా? పాలల్ల ఇనుమెందుకుంటది తల్లీ? ఇనుప రజను కలిస్తే మీరే గదా కేసు పెట్టేది? మా క్యాన్లన్ని స్టీలు. వచ్చి చూసుకో.”

మూలన కూర్చున్న తల్లి నవ్వింది. బిందుమాధవి నవ్వలేదు. తలుపు దగ్గర ఇంకో నలుగురు పిల్లల్నెత్తుకుని నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల వైపు చూసి, క్యాను వైపు చూసి ఊపిరి వదిలింది.

“మీ పాలు మంచివేనండీ. నాకు ఏ అనుమానమూ లేదు. కానీ...”

“గంతే. గా మాటే గావాలె నాకు.”

అంజయ్య క్యాను ఎత్తుకున్నాడు. కారిడార్‌లో నిలబడి సూర్యప్రభకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. “అమ్మా, డాక్టరమ్మనే ఒప్పుకున్నది. పాలు మంచియేనన్నది. కావాలంటే అడుగు, ఈడనే ఉన్నది.”

లోపల డాక్టర్ మిగతా సగం సుష్మితకు చెప్పింది. “రెండు చిన్న గ్లాసులు. అంతకు మించితే మందు కూడా దండగ. పాలల్లో కలపడం లేదు కదా?”

సుష్మిత తలుపు వైపు చూసింది. మామ గొంతు అక్కడి దాకా వినిపిస్తోంది.

“కలుపుతున్రు మేడం.”

“కలుపుతున్నారంటే ఎవరు? మీరు తల్లి కాదా?”

ఆ మాట సుష్మితకు చెంపదెబ్బలా తగిలింది. ఆమె పిల్లవాణ్ని భుజం మార్చుకుంది. బయటికి వచ్చాక మామ వెనక నడవలేదు. ఆయన్ని దాటి ముందు నడిచి బండెక్కింది.

*

శనివారం ఊళ్లో అంగన్‌వాడీలో పోషకాహారం మీద తల్లులకు సమావేశం జరిగింది. అంగన్‌వాడీ నడిచేది అంజయ్య పాత ఇంట్లో. గోడకు పటం కట్టారు. పటంలో గుడ్డు, ఆకుకూరలు, పప్పు, జామకాయ, పాలగ్లాసు. అంజయ్య తల్లులందరికీ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు పిల్లలకు పాలు ఆయన ఖర్చు. కాగిన పాలు రెండు క్యాన్లలో వచ్చాయి. ఎల్బీ నగర్ డాక్టరమ్మ తన పాలు మంచివని ఒప్పుకున్న సంగతి వచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాడు.

టీచర్ కౌసల్యమ్మ కర్ర పట్టుకుని పటం ముందు నిలబడింది. పిల్లలకు అన్నంతోపాటు చాయ్ పొయ్యొద్దని చెప్పింది. తిన్న తర్వాత కూడా వెంటనే వద్దంది. తిన్నది ఒంటికి పట్టదంది.

“చాయ్ బందువెడితే ఇంకేం పొయ్యాలె టీచరమ్మా?” వెనక నుంచి ఒకామె అంది. “మా పిలగాండ్లకు చాయ్‌ల బన్నే పాయసం.”

అందరూ నవ్వారు. సుష్మిత లేచి నిలబడింది.

“టీచరమ్మా, రెండేండ్ల పిలగానికి దినానికి పాలు ఎన్ని పొయ్యాలె?”

గదిలో నవ్వు ఆగింది. కౌసల్యమ్మ కర్ర పాలగ్లాసు బొమ్మ మీదికి వెళ్లి అక్కడే ఉంది. ఆమె అంజయ్య వైపు చూసింది. ఆయన కాలు మీద కాలు వేసుకుని టీచర్ వైపే చూస్తున్నాడు.

“పాలు... పాలు బలం గదా,” కౌసల్యమ్మ అంది. “తాగినన్ని తాగనియ్యాలె.”

“తాగినన్నా?”

“కూసో బిడ్డా. మిగిలిన ఆడోళ్లు గూడ అడగాలె గదా.”

సుష్మిత కూర్చోలేదు. “డాక్టరమ్మ రెండు చిన్న గ్లాసులన్నది. మీకు ట్రైనింగ్‌ల ఏం చెప్పిన్రు?”

“ఆఁ, చాలు చాలు,” అంజయ్య కుర్చీలోంచి అన్నాడు. “పిల్లలకు పాలు చల్లారుతున్నయి. పొయ్యుండ్రి.”

ఆయమ్మ గ్లాసులు పంచింది. పిల్లలు బారుగా కూర్చుని తాగారు. చంటికి రెండు గ్లాసులు ఇచ్చారు. తర్వాత అందరికీ గుడ్లు ఇస్తే వాడు గుడ్డును చేత్తో నలిపి పక్కన పడేశాడు. కడుపులో చోటు లేదు.

జనం వెళ్లిపోతుండగా కౌసల్యమ్మ సుష్మితను పటం చాటుకు పిలిచింది.

“బిడ్డా, నాకు తెల్వదా? గదే చెప్పిన్రు మాకు గూడ. రెండు గ్లాసులు. మీ మామ ఇంట్ల సెంటర్ నడుపుతున్న నేను. రేపు ఖాళీ చెయ్యిమంటే గిందరు పిల్లల్ని ఏడ కూసోవెట్టాలె చెప్పు?”

“నా కొడుకును ఏడ పండవెట్టాలె? దవాఖాన్లనా?” సుష్మిత అంది. “చెప్పుటానికే గదా మీకు నౌకరి ఇచ్చింది? తెల్వక చెప్పకుంటె ఒక తీరు. తెలిసి గూడ గోడకు బొమ్మలు కట్టి అబద్ధం చెప్తరా? వాళ్లందరు ఇంటికి పోయి మీరు చెప్పిందే చేస్తరు.”

కౌసల్యమ్మ పటం విప్పి చుట్టడం మొదలుపెట్టింది. సుష్మిత కొడుకును ఎత్తుకుంది. వాడి గుండె ఆమె భుజానికి కొట్టుకుంటోంది. ఇంటిదాకా ఆ కొట్టుకోవడం తప్ప ఆమెకు ఇంకేమీ పట్టలేదు.

*

సాయంత్రం పితికే వేళకు అనంతమ్మ ముర్రా బర్రె దగ్గర దుడ్డెను కట్టేసిన తలుగు విప్పింది. దుడ్డె పోయి పొదుగును తలతో కుమ్మింది. నాలుగు గుక్కలు తాగేసరికి బర్రె చేపింది. పొదుగులోకి పాలు దిగాయి. వెంటనే అనంతమ్మ దుడ్డెను మెడ పట్టి ఇవతలికి లాగి గుంజకు కట్టేసింది. దాని ముందు పచ్చిగడ్డి వేసింది. బకెట్ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది.

సుష్మిత కొట్టం గుమ్మంలో నిలబడి చూసింది.

“దుడ్డెకు గడ్డి ఎప్పటిసంది వేస్తున్నరు అత్తమ్మా?”

“ఈనిన ఇరవై దినాల సంది. ఏం?”

“పాలు తాగే దుడ్డెకు గడ్డెందుకు?”

“ఉత్త పాల మీద ఉంటె దుడ్డె ఎదుగుతదా? గడ్డి తిననేర్వాలె. కాళ్లల్ల సత్తువ రావాలె గదా. లేకుంటె పానమే నిలువది.” అనంతమ్మ చేతులు ఆగలేదు. బకెట్లో ధార చప్పుడవుతోంది.

“మరి నా కొడుకుకో?”

ధార చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

“దుడ్డె మీదున్న ధ్యాస నా కొడుకు మీద లేకపాయె మీకు,” సుష్మిత అంది. ఆమె గొంతు పెద్దదైంది. “దుడ్డెకు నాలుగు గుక్కలు కాంగనే లాగి గడ్డికి కడ్తరు. వానికి మాత్రం సీసా మీద సీసా. దుడ్డెకు పాలు పోతె నష్టమని తెలుసు, నా కొడుకు పోతె నష్టం లేదా? గోడలు నాకుతున్నడు అత్తమ్మా. సున్నం తింటున్నడు. నా రక్తం మంచిది గాదంటిరి, ఇన్న. నా పాలు పడలేదంటిరి, ఇన్న. గా పిలగాని కనురెప్ప ఒక్కసారి మీ చేత్తోటి తీసి చూసిన్రా?”

“నోరు మస్తు లేస్తున్నది,” అనంతమ్మ అంది. తల తిప్పలేదు.

“లేస్తది. ఇంక లేస్తది.”

అనంతమ్మ పితకడం ముగించి బకెట్ ఎత్తుకుంది. కోడల్ని ఆనుకునేంత దగ్గరగా గుమ్మం దాటి పోయింది. ఆ రాత్రి కూడా చంటి పాలసీసాలోనే మందు కలిసింది.

*

ఆదివారం తెల్లవారకముందే సుష్మిత లేచింది. కొట్టంలోకి వెళ్లి ముర్రా దుడ్డె తలుగు విప్పింది. దుడ్డె తల్లి కిందికి దూరింది. ఈసారి దాన్ని ఎవరూ లాగలేదు. అది చాలేదాకా తాగి, మూతికి నురగతో వచ్చి గడ్డిలో పడుకుంది. ఆమె తలుగు ముడి సగం విప్పినట్టు వదిలి ఇంట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది.

అనంతమ్మ బకెట్‌తో పోయి ఖాళీగా తిరిగివచ్చింది.

“చుక్క రాలే. బర్రె చేపుతలేదు,” అని భర్తతో చెప్పింది.

ఒక దుడ్డె తాగితే అంత పొదుగు పూర్తిగా ఖాళీ కాదని సుష్మితకు తెలుసు. కనీసం అడుగున లీటరైనా ఉండాలి. ఆమె అత్త ముఖం చూసింది. అనంతమ్మ బకెట్ బోర్లించి కడుగుతోంది.

“దిష్టి,” అంజయ్య అన్నాడు. “ఊరంత తెలిసె గదా. ఇంకో బర్రె పాలు పొయ్యి వానికి.”

“వారంల రెండు బర్రెలు మారిస్తె పిలగాని కడుపు ఏం గావాలె?” అనంతమ్మ అంది. “రెండు దినాలు చూద్దాం. అదే చేపుతది.”

బర్రె మళ్లీ చేపలేదు. సుష్మిత రోజూ పొద్దున, సాయంత్రం తలుగు విప్పుతూనే ఉంది. సీసాకు పాలు లేవు. పొద్దున ఏడ్చిన చంటికి ఆమె పరగడుపున మందు పట్టి, వెంటనే బత్తాయిరసం పట్టింది. మొదటి రోజు ఉమ్మాడు. ఏడ్చాడు. ఇల్లంతా వినపడేలా ఏడ్చాడు. అంజయ్య రెండుసార్లు లేచి వచ్చి, “ఒక్క గ్లాసు పొయ్యరాదు?” అన్నాడు. “కలిపిన పాలు పొయ్య,” అని అనంతమ్మ అంది. ఆకలి మీద ఉన్న పిల్లవాడు మధ్యాహ్నం పప్పన్నం తిన్నాడు. నిమ్మకాయ పిండి పెడితే మళ్లీ నోరు తెరిచాడు.

ప్రవీణ్ బండి సీటు కింద నల్ల కవరులో కార్జం తెచ్చాడు.

“నాయినకు చెప్పకు. ఆయన అడిగితె కుక్కకని చెప్పు.”

“కుక్క లేదు మనకు.”

“ఏదో ఒకటి చెప్పరాదు. నేనేం చెప్పినా మోరీయే నా నోరు.”

ఆమెకు నవ్వు రాలేదు. “గా దినం గుడ్డ పిండుకుంట నిలవడ్డవు చూడు, అప్పుడు తెరవాల్సింది నోరు,” అంది. అతను తలొంచుకుని ఉల్లిగడ్డ కోసి పెట్టాడు. ఆమె కార్జం మెత్తగా ఉడికించి అన్నంలో మెదిపింది. చంటి తిన్నాడు.

*

రెండు వారాలు నిండిన మంగళవారం అందరూ ఆసుపత్రికి వెళ్లారు. అంజయ్య కూడా వచ్చాడు. ఈసారి క్యాను తేలేదు. హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ తొమ్మిది వచ్చింది.

బిందుమాధవి కనురెప్ప లాగి చూసింది. “పెరిగింది. రక్తం ఎక్కించనక్కర్లేదు. ఏం మార్చారు?”

“మేమేం మార్చలేదమ్మా,” అంజయ్య అన్నాడు. “మా నసీబే మంచిగ లేదు. బర్రె చేపుతలేదు. తొమ్మిది దినాలాయె పిలగానికి సీసా లేక.”

డాక్టర్ సుష్మిత వైపు చూసింది. సుష్మిత చంటి అంగీ గుండీలు పెడుతోంది.

“ఇలాగే ఉంచండి,” డాక్టర్ అంది. “మూడు నెలలు. దార్లో పడ్డాడు కానీ ఇంకా గట్టెక్కలేదు. మళ్లీ సీసా పట్టారంటే మొదటికొస్తుంది.”

బండిలో అంజయ్య హుషారుగా ఉన్నాడు. సూర్యప్రభకు ఫోన్ చేసి మనవడికి రక్తం పెరిగిందని చెప్పాడు. ప్యాకెట్లు బంద్ చెయ్యమన్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

“మందు మంచిగ పని చేస్తున్నది. పాలు లేకనే గింత పెరిగితె, పాలు గూడ ఉంటె ఎంత పెరుగుతది? రేపటి సంది మచ్చబర్రె పాలు వీనికి.”

“మామా, డాక్టరమ్మ ఇప్పుడే గదా చెప్పింది...”

“డాక్టరమ్మ చెప్పేది చెప్తది. పాలు లేని ఇంట్ల పిలగానోలె సాదుతమా వీన్ని? నలుగురు నవ్వరా? ముర్రాది చేపకుంటె మచ్చది లేదా? చెప్పిన గదా, గంతే.”

సుష్మిత అత్త వైపు చూసింది. అనంతమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మనవడి పాదం ఆమె అరచేతిలో ఉంది.

బుధవారం సుష్మిత రోజూ కన్నా ముందే లేచింది. మచ్చబర్రె దుడ్డె తలుగుది మోకుముడి. విప్పడం కష్టమని ఆమె రాత్రే చూసి పెట్టుకుంది. పెరటి తలుపు గడియ చప్పుడు కాకుండా తీసింది.

కొట్టంలో బల్బు వెలుగుతోంది. లోపల పాలధార చప్పుడు. అనంతమ్మ చివరి వరసలో ముసలి బర్రె దగ్గర, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని పితుకుతోంది. ముర్రా దుడ్డె తల్లి కింద ఉంది. మచ్చబర్రె దుడ్డె కూడా తల్లి కిందే ఉంది. పొదుగును కుమ్మి కుమ్మి తాగుతోంది. రెండు తలుగులూ చుట్టచుట్టి గుంజకు తగిలించి ఉన్నాయి.

సుష్మిత గుమ్మంలో నిలబడింది. ఇంట్లోంచి అంజయ్య గొంతు వినిపించింది.

“పిలగాని పాలు తెస్తున్నరా లేదా?”

“మచ్చది గూడ చేపుతలేదు,” అని అనంతమ్మ తల తిప్పకుండా గట్టిగా చెప్పింది.

దుడ్డె తాగుతూనే ఉంది.